చలి సముద్రాల చరిత్ర – 7: పోయి తిరిగొచ్చిన పడవ

1818 ఆగస్టులో బ్రిటిష్ నౌకాదళం పంపిన రెండు ఓడలు, ఇసబెల్లా, అలెగ్జాండర్, గ్రీన్‌లాండ్ వాయవ్య తీరంలో కేప్ యార్క్ దగ్గర మంచులో నిలిచాయి. నాయకుడు జాన్ రాస్. మంచు మీద కుక్కబండ్లు తోలుకుంటూ కొందరు మనుషులు ఎదురొచ్చారు. ఆ ఓడలను ప్రాణమున్న జీవులనుకుని వాళ్ళు నేరుగా వాటితోనే మాట్లాడబోయారని రాస్ రాశాడు. వాళ్ళే ఇనుగుయిత్, భూమి మీద అందరికంటే ఉత్తరాన బతికే జనం. రాస్ పక్కన దుభాషిగా నిలబడ్డవాడు జాన్ సకూస్ అనే గ్రీన్‌లాండ్ యువకుడు. డిస్కో ఖాతం వాడు. రెండేళ్ళ ముందు ఒక తిమింగల వేట ఓడెక్కి, తన కయాక్‌ను కూడా వెంటబెట్టుకుని స్కాట్లండ్ వెళ్ళాడు. లీత్ రేవులో అతను ఆ తోలు పడవ మీద చేసే విన్యాసాలు చూడటానికి జనం గుమిగూడేవాళ్ళు. ఆ సకూస్ ఇప్పుడు తన భాషకు దగ్గరి భాష మాట్లాడే, తనలాగే సీల్‌నూ వాల్రస్‌నూ తిని బతికే మనుషుల ఎదుట నిలబడ్డాడు. వాళ్ళ దగ్గర కయాక్ లేదు. అసలు పడవే లేదు. సముద్రం ఒడ్డున పుట్టి, సముద్రం పెట్టిందే తిని, సముద్రం ఒడ్డునే చచ్చిపోయే జనానికి నీటి మీద తేలే సాధనం ఒక్కటీ లేదు.

ఈ వింతకు కారణం వెతకడమే ఈ సంచిక పని. ఇది వాళ్ళకు మొదటి నుంచీ లేని వస్తువు కాదు. సుమారు ఎనిమిది వందల ఏళ్ళ కిందట అలాస్కా వైపు నుంచి వచ్చి, కెనడా ఉత్తరపు దీవుల గుండా గ్రీన్‌లాండ్ చేరిన వాళ్ళ పూర్వికులు తోలు పడవల మీద పెద్ద తిమింగలాలను వేటాడినవాళ్ళు. ఆ పూర్వికుల సంస్కృతికి పండితులు పెట్టిన థూలే అన్న పేరు ఈ తీరం నుంచే వచ్చింది, ఇక్కడి ఒక పాత పెంటదిబ్బను 1916లో తవ్వినప్పుడు. అంటే తాతలకు ఉన్నది మనవళ్ళకు లేకుండా పోయింది. కయాక్ ఒక్కటే కాదు, విల్లంబులు కూడా పోయాయి. చేపలను పొడిచే మూడు మొనల ఈటె కూడా పోయింది. ఎందుకు పోయాయి, మళ్ళీ ఎలా వచ్చాయి అన్న రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్కటేనని నా వాదన. కయాక్‌ను మనం వస్తువుగా చూస్తున్నాం. అది పడవ రూపంలో కనిపించే ఒక విద్య. ఎంతోమంది చేతుల్లో పంచి ఉండే విద్య. ఆ చేతుల్లో కొన్ని ఒకేసారి చల్లబడితే మిగిలిన చేతులు ఎంత నేర్పరివైనా పడవను నిలబెట్టలేవు.

కయాక్‌ను దగ్గరగా చూస్తే ఈ మాట ఎందుకంటున్నానో తెలుస్తుంది. చెట్టు మొలవని నేలలో దానికి కావలసిన కర్ర సముద్రమే తెచ్చిపెడుతుంది. సైబీరియా నదుల్లో కొట్టుకొచ్చిన దుంగలు మంచులో చిక్కి, ధ్రువ సముద్రం దాటి, ఏళ్ళ తరవాత గ్రీన్‌లాండ్ ఒడ్డుకు చేరతాయి. వాటిలో ఏ ముక్క వంగుతుందో, ఏది విరుగుతుందో చూసి ఏరుకోవాలి. మేకు ఒక్కటి కూడా కొట్టకుండా కర్రనూ ఎముకనూ తోలు పట్టీలతో కడతారు. అందుకే అల తగిలితే చట్రం విరగకుండా ఒదుగుతుంది. కొలతలకు బద్ద ఉండదు, మనిషి ఒళ్ళే బద్ద. పశ్చిమ గ్రీన్‌లాండ్‌లో పొడవు సుమారు మూడు బారలు, వెడల్పు తుంటికి రెండు పిడికిళ్ళు కలిపినంత. ఒకరి కయాక్ ఇంకొకరికి సరిగ్గా అమరదు. ఇంతవరకూ మగవాళ్ళ పని. దాని మీద కప్పే సీల్ తోళ్ళను గీకి, నానబెట్టి, తడి ఆరకముందే చట్రం మీద బిగలాగి కుట్టడం ఆడవాళ్ళ పని, అదీ నలుగురైదుగురు కలిసి కూర్చుంటేనే సాగే పని. సూది తోలు మందంలో సగం వరకే దిగాలి, ఆవలికి పొడుచుకు రాకూడదు. నరంతో పేనిన దారం నీటికి ఉబ్బి రంధ్రాన్ని తనే మూసేస్తుంది. ఆ సూదిపని తెలియని ఊళ్ళో ఎంత మంచి చట్రం కట్టినా అది నీళ్ళలో దిగదు. తరవాత నడుముకీ పడవ నోటికీ కలిపి బిగించే తోలు చొక్కా ఉంది. తాడు ఉంది. పొడిచాక ఒంట్లో అడ్డం తిరిగే హార్పూన్ మొన ఉంది. గాలి ఊదిన సీల్ తోలు తిత్తి ఉంది. బోల్తాపడితే తెడ్డుతోనే తిరగబడి లేచే ఒడుపు ఉంది. ఇవన్నీ వేరువేరు పనులు. వీటిలో కొన్ని లోపిస్తే వేట దక్కదు, కొన్ని లోపిస్తే ఆ చల్లటి నీళ్ళలో మనిషి నిమిషాల్లో కొయ్యబారిపోతాడు.

కయాక్ లేని ఇనుగుయిత్ జనం ఎలా బతికారు? తెలివితోనే బతికారు. వేసవిలో కొండచరియల మీద లక్షల కొద్దీ గూళ్ళు పెట్టే లిటిల్ ఆక్ అనే చిన్న పిట్టలను పొడవాటి కర్రకు కట్టిన వలతో గాలిలోనే పట్టేవాళ్ళు. సీల్ ఊపిరి తీసుకునే మంచు రంధ్రం దగ్గర కదలకుండా గంటల తరబడి కాచుకునేవాళ్ళు. మంచు అంచున నిలబడి వాల్రస్‌ను పొడిచేవాళ్ళు. ఆకాశం నుంచి పడ్డ ఉల్కల ఇనుమును రాళ్ళతో కొట్టి కత్తులకు అంచులు తీర్చుకున్నారు. పొడవైన కర్ర దొరక్క ఎముక ముక్కలను తోలుతో కట్టి బండ్లు చేసుకున్నారు. కాబట్టి కయాక్ పోవడానికి చేతకానితనం కారణమని చెప్పేవాళ్ళు ఆ బండిని ఒకసారి చూడాలి. అన్ని ఎముక ముక్కలను అంత గట్టిగా కట్టగలిగిన చేతికి కయాక్ చట్రం కట్టడం అసాధ్యం కాదు. ఎలా కట్టాలో చూపించేవాళ్ళు లేకపోవడమే అసలు చిక్కు. అయితే కొరత కొరతే. వేసవి చివర సముద్రం నుంచి ఏరులు ఎక్కే చార్ చేప, సాల్మన్‌కు చుట్టం, వాళ్ళ కాళ్ళ ముందే ఈదిపోయేది. దాన్ని పొడిచే ఈటె లేదు. తిండి తక్కువైన ఏళ్ళలో ఆ చేప విలువ ఎంతో వేరే చెప్పక్కర్లేదు.

ఈ విద్య ఒక్కరితో వచ్చేది కాదని చెప్పడానికి చరిత్ర తానే ఒక పరీక్ష పెట్టి చూపింది. 1853లో అమెరికన్ ఇలిషా కేన్ ఉత్తరానికి వెళ్తూ దక్షిణ గ్రీన్‌లాండ్‌లో హాన్స్ హెండ్రిక్ అనే కుర్రవాణ్ణి పనిలో పెట్టుకున్నాడు. కయాక్ నడపడంలో, బల్లెం విసరడంలో ఆరితేరినవాడని పేరున్నవాడు. కేన్ బృందం 1855లో ఓడను మంచులో వదిలేసి వెనక్కి పోయింది. హాన్స్ మాత్రం ఇనుగుయిత్ మధ్యే ఉండిపోయి, అక్కడి పిల్ల మెర్కుత్‌ను పెళ్ళాడి, 1860లో హేస్ అనే ఇంకో అమెరికన్ యాత్రకు వచ్చి తీసుకుపోయేదాకా ఐదేళ్ళు వాళ్ళతో బతికాడు. ఐదేళ్ళంటే తక్కువ కాలం కాదు. అయినా కయాక్ ఆ తీరానికి అతని వల్ల తిరిగి రాలేదు. అతనికి రాకనా? కానే కాదు. 1872 అక్టోబరులో పొలారిస్ అనే అమెరికన్ ధ్రువయాత్ర ఓడ నుంచి 19 మంది ఒక మంచు పలక మీద చిక్కుకుని ఆరున్నర నెలల పాటు దక్షిణానికి కొట్టుకుపోయినప్పుడు, వాళ్ళకు తిండి పెట్టింది ఇద్దరు వేటగాళ్ళు. ఒకడు బాఫిన్ ద్వీపపు ఎబియెర్బింగ్, రెండోవాడు మన హాన్స్. మంచు పగుళ్ళ మధ్య నీటిలోకి కయాక్ దింపి, కొట్టిన సీల్‌ను పలక మీదికి చేర్చేవాళ్ళు. చంటిబిడ్డతో సహా 19 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. ఆ బిడ్డ హాన్స్, మెర్కుత్‌ల కొడుకే. అలాంటి మనిషి ఐదేళ్ళు పక్కన ఉన్నా ఊరికి కయాక్ రాలేదంటే, అతనిలో లోపం వెతకడం అన్యాయం. ఆ తోలు కుట్టడం ఎరిగిన ఆడవాళ్ళు అతని వెంట రాలేదు. తనలాంటి ఇంకో పదిమందీ రాలేదు. ఎదిగే పిల్లలు రోజూ చూసి అనుకరించడానికి ఒక్క మనిషి చాలడు.

రావలసినవాళ్ళు ఇంకోవైపు నుంచి వచ్చారు. బాఫిన్ ద్వీపంలో ఒక పాత పగ నుంచి తప్పుకుని తిరుగుతున్న కిల్లార్సువాక్ అనే షామన్, అంటే దేవతలతో మాట్లాడతాడని జనం నమ్మే మనిషి, సముద్రం అవతల తమలాంటి మనుషులు ఉన్నారని బ్రిటిష్ ఓడలవాళ్ళ దగ్గర విన్నాడు. ఆ మాట పట్టుకుని సుమారు నలభై మంది ఆడా మగా పిల్లలతో కుక్కబండ్ల మీద బయలుదేరాడు. దారిలో సగం మంది నమ్మకం పోయి వెనక్కి మళ్ళారు. మిగిలినవాళ్ళు కెనడా దీవులకూ గ్రీన్‌లాండ్‌కూ నడుమ ఉన్న స్మిత్ జలసంధి మంచు దాటి 1860ల్లో ఇనుగుయిత్ ఊళ్ళకు చేరారు. వాళ్ళు సుమారు ఆరేళ్ళు అక్కడే ఉన్నారు. కలిసి వేటాడారు, కలిసి తిన్నారు, పెళ్ళిళ్ళు చేసుకున్నారు. కయాక్ కట్టడం, విల్లు వంచడం, చేప ఈటె చేయడం, మంచు ఇంటికి పొడవాటి సొరంగపు వాకిలి పెట్టి చలిగాలిని ఆపడం నేర్పారు. నడుమ ఒక మొన, అటూ ఇటూ లోపలికి తిరిగిన రెండు ముళ్ళు, ఇదీ ఆ ఈటె. ఏటికి అడ్డంగా రాళ్ళ కట్ట వేసి, ఆగిన చేప వీపు మీద దించితే మూడూ కలిసి దాన్ని పట్టేస్తాయి. రెండు వందలకు మించని జనాభాలో ఇరవై మంది కొత్త గురువులు అడుగుపెట్టారంటే దాని బలం ఊహించుకోవచ్చు. హాన్స్ ఒక్కడుగా చేయలేనిది ఆ ఇరవై మంది చేశారు. నేర్పరితనంలో వాళ్ళు హాన్స్‌ను మించినవాళ్ళు కానక్కర్లేదు. మగవాళ్ళూ ఆడవాళ్ళూ పిల్లలూ ఉన్న పూర్తి కుటుంబాలుగా వచ్చారు, అదీ తేడా.

కయాక్ ఎందుకు పోయిందన్న దానికి ఇనుగుయిత్ పెద్దలు తరతరాలుగా చెప్పుకున్న మాట ఒకటుంది. ఒకప్పుడు జబ్బు వచ్చి పెద్దవాళ్ళను, విద్యలు తెలిసినవాళ్ళను తీసుకుపోయింది. పోయినవాడి పనిముట్లు పోయినవాడి వెంటే సమాధికి చేరడం ఆచారం. మిగిలిన కుర్రవాళ్ళకు చూసి చేసుకుందామన్నా నమూనా మిగల్లేదు. ఈ కథ నా వాదనకు సరిగ్గా అతుకుతుంది కాబట్టే దాన్ని కాస్త అనుమానంగా చూడటం నా బాధ్యత అనుకుంటాను. నోటి మాటగా వచ్చిన చరిత్రలో పెద్ద కష్టమేదైనా ఒకే సంఘటనగా కుదించుకుపోవడం మామూలే. జబ్బు ఒక్కసారే వచ్చిందా, కొన్ని తరాల్లో కొంచెం కొంచెంగా తగ్గిందా అన్నది తేల్చడం కష్టం. కానీ ఒక్క దెబ్బ అయినా, నెమ్మది క్షయం అయినా, తేలేది ఒకటే. రెండు వందల మందిలో పిల్లలనూ ముసలివాళ్ళనూ ఆడవాళ్ళనూ తీసేస్తే చట్రం కట్టే వయసు మగవాళ్ళు నలభై, యాభై మంది. అందులో బాగా కట్టగలవాళ్ళు నలుగురో ఐదుగురో. ఒక చెడ్డ శీతాకాలం చాలు.

దీనికి గట్టి అభ్యంతరాలు రెండున్నాయి. మొదటిది మంచు. పదహారో శతాబ్దం నుంచి పందొమ్మిదో శతాబ్దం దాకా ఉత్తర అట్లాంటిక్ చుట్టూ చలి ముదిరింది. నీళ్ళు కనిపించేదే కొన్ని వారాలైతే పడవ ఎందుకు, అవసరం తీరిపోయి వదిలేశారు, ఇందులో మరచిపోవడం ఏముంది అంటారు. ఈ మాటలో నిజం లేకపోలేదు. వాడకం తగ్గితే నేర్చుకునేవాళ్ళూ తగ్గుతారు. కానీ ఆ జనం ఎక్కడ బతికారో చూడాలి. స్మిత్ జలసంధి దిగువన నడి చలికాలంలో కూడా పూర్తిగా గడ్డకట్టని విశాలమైన నీటి మడుగు ఉంది. వాల్రస్, తిమింగలాలు, పిట్టలు అక్కడ చేరడానికి కారణం ఆ తెరిచిన నీరే. ఇనుగుయిత్ ఊళ్ళు దాని ఒడ్డునే ఉన్నాయి. పడవకు నీళ్ళే లేవన్నది కనీసం వాళ్ళ విషయంలో నిలవదు. అంతకంటే ముఖ్యంగా, విల్లుకు నీళ్ళతో పనిలేదు, ఏట్లో చేప ఈటెకు సముద్రపు మంచుతో సంబంధం లేదు. అవి కూడా ఎందుకు పోయాయి? చలి ఒక్కటే కారణమైతే మూడూ కలిసి పోయి, మూడూ ఒకే గుంపు చేతుల మీదుగా కలిసి తిరిగి రావు.

రెండో అభ్యంతరం కర్ర. ఆ తీరానికి కొట్టుకొచ్చే దుంగలు నిజంగానే తక్కువ. 1817 తరవాత తిమింగల వేట ఓడలు ఆ వైపు రావడం, కేన్ వదిలిన ఓడ చేజిక్కడం, వీటి వల్ల కర్ర దొరికింది. కిల్లార్సువాక్ వచ్చేసరికి చట్రానికి సామగ్రి ఉంది, అతని అదృష్టం అది, అంటారు. ఇందులో సగం ఒప్పుకుంటాను. కర్ర లేకపోతే ఆ ఇరవై మంది కూడా ఎక్కువ కయాక్‌లు కట్టేవాళ్ళు కాదేమో. కానీ కేన్ ఓడ కర్ర 1855 నుంచీ అక్కడే ఉంది. హాన్స్ కూడా అక్కడే ఉన్నాడు. సామగ్రి, ఒక నిపుణుడు, రెండూ ఉన్న ఆ ఐదేళ్ళలో జరగనిది తరవాత ఎందుకు జరిగిందన్న ప్రశ్నకు కర్ర జవాబు చెప్పలేదు. ఇంకో సాక్ష్యం కయాక్ ఆకారంలోనే ఉంది. కొత్తగా మొదలైన ఇనుగుయిత్ కయాక్‌లు పక్కనే ఉన్న పశ్చిమ గ్రీన్‌లాండ్ కయాక్‌ల మాదిరి సన్నగా, వాడిగా లేవు. బాఫిన్ ద్వీపపు కయాక్‌ల మాదిరి పెద్దవిగా ఉన్నాయి. తరవాతి యాభై, అరవై ఏళ్ళలో దక్షిణాదితో రాకపోకలు పెరిగాక మెల్లమెల్లగా సన్నబడి గ్రీన్‌లాండ్ తీరుకు వచ్చాయి. ఎవరి దగ్గర నేర్చుకున్నారో వాళ్ళ చేతి ముద్ర పడవ మీద మిగిలింది. రాబర్ట్ బాయిడ్, పీటర్ రిచర్సన్, జోసెఫ్ హెన్రిక్ అనే పండితులు 2011లో రాసిన వ్యాసంలో, మనిషి బలం ఒక్కొక్కరి తెలివిలో కంటే ఒకరి నుంచి ఒకరు నేర్చుకోవడంలోనే ఎక్కువగా ఉందని చెప్పడానికి ఈ ఇనుగుయిత్ ఉదాహరణనే తీసుకున్నారు. వాళ్ళ దృష్టి జనాభా మీద ఎక్కువ. నాకు మాత్రం ఆడవాళ్ళ సూది పని ఇందులో ఇంకా పెద్ద చోటుకు తగినదనిపిస్తుంది. పడవ గురించి రాసేవాళ్ళు చట్రం దగ్గర ఆగిపోతారు. సముద్రం లోపలికి రాకుండా ఆపేది కుట్టు.

చదువూ రాతా లేని జనం కాబట్టి మరచిపోయారు, పుస్తకాలుంటే మరచిపోరు అనుకునేవాళ్ళకు అదే స్మిత్ జలసంధి ఇంకో పాఠం దాచిపెట్టింది. నావికుల చిగుళ్ళు కుళ్ళి, కాళ్ళు వాచి చంపే స్కర్వీ రోగానికి నారింజ, నిమ్మ మందని జేమ్స్ లిండ్ 1747లో పరీక్ష చేసి చూశాడు. 1795 నుంచి బ్రిటిష్ నౌకాదళం పెద్ద నిమ్మరసం ఇచ్చి ఆ రోగాన్ని దాదాపు వదిలించుకుంది. 1860ల్లో దానికి బదులు వెస్టిండీస్ తోటల చిన్న నిమ్మరసం వాడటం మొదలుపెట్టారు. పేరు దగ్గరిదే, రంగు దగ్గరిదే. రోగాన్ని ఆపే గుణం మాత్రం చాలా తక్కువ. ఎందుకు పనిచేస్తుందో ఎవరికీ తెలియదు కాబట్టి ఏది పోయిందో కూడా ఎవరూ గుర్తించలేదు. 1875లో జార్జ్ నేర్స్ నాయకత్వంలో అలర్ట్, డిస్కవరీ అనే ఓడలు ఆ రసం పీపాలతో ఇదే జలసంధి గుండా ఉత్తరానికి వెళ్ళాయి. వసంతంలో బండ్లు లాగిన బృందాలు స్కర్వీతో కుప్పకూలాయి. 1876లోనే వెనక్కి తిరగాల్సి వచ్చింది. ఆ యాత్రలో వేటగాడుగా ఉన్నది ఎవరో కాదు, హాన్స్ హెండ్రిక్. పచ్చి మాంసం, తిమింగలం చర్మం తినే అతని అత్తవారి జనానికి ఆ రోగం తెలియదు. అచ్చు యంత్రాలూ ఆసుపత్రులూ వైద్య కళాశాలలూ ఉన్న సామ్రాజ్యం దాదాపు డెబ్బై ఏళ్ళు చేతిలో ఉంచుకున్న మందును జారవిడిచింది. రెండు వందల మంది కయాక్‌ను జారవిడిచారు. తప్పు ఒకటే రకం. మనం ఒకదాన్ని పొరపాటు అంటాం, రెండోదాన్ని వెనకబాటు అంటాం. ఆ తేడా చరిత్రకారుల కలంలో ఉందే కానీ జరిగినదానిలో లేదు.

కిల్లార్సువాక్ ముసలితనంలో సొంత గడ్డ చూడాలని వెనక్కి బయలుదేరి దారిలోనే పోయాడు. వెంట వెళ్ళినవాళ్ళు ఆకలితో ఒకరినొకరు చంపుకు తినేదాకా వచ్చింది. అందులోంచి ఒక కన్ను పోగొట్టుకుని బయటపడి, కొందరితో కలిసి ఇనుగుయిత్ దగ్గరికే తిరిగొచ్చిన మెర్కుసాక్ అనే మనిషి, ముసలివాడయ్యాక 1903, 1904 ప్రాంతంలో నుద్ రాస్ముసెన్ అనే అన్వేషకుడికి ఈ కథంతా చెప్పాడు. మనకు తెలిసింది చాలావరకు ఆ నోటి నుంచే. అతను 1916లో పోయేనాటికి, తను చిన్నతనంలో మంచు దాటించి తెచ్చిన కయాక్ ఆ ఊళ్ళలో పుట్టి పెరిగిన వస్తువైపోయింది.

ఇప్పుడు మోటారు పడవ ఉంది, తుపాకీ ఉంది, ఇంక ఈ పాత విద్య ముచ్చట ఎందుకన్నది చివరి అభ్యంతరం. గ్రీన్‌లాండ్‌లో చాలాచోట్ల అదే నిజమైంది. 1920ల్లో సముద్రం వెచ్చబడి పశ్చిమ తీరానికి కాడ్ చేప మందలుగా వచ్చింది, సీల్ తగ్గింది. సన్నని కయాక్‌లో వందల చేపలు మోయలేరు, కాబట్టి చేపల వేట చెక్క పడవలకూ తరవాత మోటారుకూ మారింది. ఇనుగుయిత్ కూడా మోటారు వాడతారు. మంచు కింద పొడవైన గాలపు తాళ్ళు వదిలి హాలిబట్ పట్టి అమ్ముతారు. 1953లో అమెరికన్ వైమానిక స్థావరం కోసం పాత ఊరు ఖాళీ చేయించి ఉత్తరాన కానాక్‌కు తరిమినా, అక్కడి వేట మాత్రం మోటారుకు పూర్తిగా లొంగలేదు. వేసవిలో అక్కడి ఫ్యోర్డులోకి, అంటే కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలోకి, నార్వాల్ తిమింగలాలు వస్తాయి, టన్నుకు పైగా బరువు, మగదానికి ముందుకు పొడుచుకొచ్చే మెలికల దంతం. మోటారు చప్పుడు వింటే అవి ఫ్యోర్డే వదిలిపోతాయి. ముందు తుపాకీతో కాలిస్తే చచ్చి మునిగిపోతాయి, మాంసమూ దక్కదు, జీవీ దక్కదు. అందుకే ముందు కయాక్ మీద చప్పుడు లేకుండా దగ్గరికి వెళ్ళి, తిత్తి కట్టిన హార్పూన్ దించాలి. ఆ తరవాతే తుపాకీ. అక్కడి వేటగాళ్ళు పెట్టుకున్న ఈ కట్టుబాటు ఇప్పుడు నిబంధన కూడా. గ్రీన్‌లాండ్ మొత్తంలో కయాక్ ఇంకా బువ్వ పెట్టే పనిముట్టుగా మిగిలిన ఊళ్ళు, ఒకప్పుడు కయాక్ అంటేనే తెలియని ఆ ఊళ్ళే.

ఒక్క మార్పు వచ్చింది. ఇప్పటి కానాక్ కయాక్‌లకు తోలు బదులు గుడ్డ కప్పి రంగు పూస్తున్నారు. గుడ్డ తేలిక, త్వరగా అయిపోతుంది, కొట్లో దొరుకుతుంది. సగం మందం దాకా దిగి ఆగే ఆ సూది పోటు మాత్రం ఇక ఆ పడవకు అక్కర్లేదు.

(సశేషం)